కీళ్ళవాతం ఉన్నవాళ్ళు కైరోప్రాక్టిక్‌కి వెళ్ళవచ్చా? బల్ల ఎక్కేముందు చూసుకోవాల్సినవి

విశాఖలో నడుంనొప్పి అని నోరు తెరిస్తే చాలు, పక్కనున్నవాళ్ళు ఫోన్ తీసి ఒక కైరోప్రాక్టిక్ వీడియో చూపిస్తున్నారు. మనిషి బల్ల మీద బోర్లా పడుకుని ఉంటాడు. ఒకాయన వీపు మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా ఒక్క తోపు తోస్తాడు. టకటకమని శబ్దం వస్తుంది. పడుకున్నాయన లేచి నొప్పి పోయిందని నవ్వుతాడు. అది చూశాక మోకాళ్ళు అరిగిన అమ్మనో, పొద్దున్నే వేళ్ళు ముడవలేకపోతున్న అక్కనో ఒకసారి తీసుకెళ్తే పోలా అనిపిస్తుంది.

తీసుకెళ్ళవచ్చా అంటే, కొన్ని రకాల కీళ్ళజబ్బులకు జాగ్రత్తగా అయితే పర్వాలేదు. కొన్నింటికి అస్సలు కూడదు. కూడని జబ్బుల్లో మెడ మీద పడే ఒక్క తోపు కాళ్ళూ చేతులూ పడిపోయేదాకా తేగలదు. కాబట్టి సెంటర్‌కి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోవడం ఈ వరసలో చాలా తర్వాత వచ్చే పని.

బల్ల మీద ఏం చేస్తారో ముందు తెలుసుకోండి

కైరోప్రాక్టిక్ 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ అనే ఊళ్ళో డి.డి. పామర్ మొదలుపెట్టిన పద్ధతి. వెన్నుపూసలు చోటు తప్పడం వల్లే దాదాపు రోగాలన్నీ వస్తాయని ఆయన నమ్మాడు. ఆ నమ్మకానికి ఆధారాలు దొరకలేదు. ఇప్పుడు ఈ వృత్తిలో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది నడుంనొప్పి, మెడనొప్పి వరకే చూస్తారు.

వీడియోల్లో కనిపించే పని ఇదీ: కీలుని అది మామూలుగా తిరిగే చివరిదాకా తీసుకెళ్ళి, అక్కడ చాలా వేగంగా, కొద్ది దూరం మాత్రమే కదిలేలా తోస్తారు. ఆ వేగానికి మన కండరాలు బిగుసుకుని అడ్డుపడే వ్యవధి దొరకదు. కీళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళకి దీనివల్ల పెద్దగా ఏమీ కాదు. కీలుని పట్టి ఉంచే బంధనాలే వదులైపోయినవాళ్ళకి మాత్రం ఆ కండరాల అడ్డే చివరి రక్షణ. దాన్ని దాటిపోవడానికే ఈ వేగం.

ఇక ఆ శబ్దం. అది ఎముక చోటుకొచ్చి కూర్చున్న శబ్దం అనుకుంటారు చాలామంది. కీలు లోపలి జిగట ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి గ్యాస్ బుడగ ఏర్పడినప్పుడు వచ్చే చప్పుడు అది. మనం వేళ్ళు విరుచుకున్నప్పుడు వచ్చేదీ అదే. శబ్దం వచ్చిందని జబ్బు తగ్గినట్టు కాదు, రాలేదని పని జరగనట్టూ కాదు. ‘సౌండ్ రాలేదు, ఇంకోసారి వేద్దాం’ అనే మనిషి దగ్గర ఆ రోజుకి లేచి వచ్చేయండి.

అందరూ ఇలా తోసేవాళ్ళే కాదు. మెల్లగా కీలుని కదిలించడం, కండరాలు సాగదీయడం, వ్యాయామాలు నేర్పడం కూడా చేసేవాళ్ళుంటారు. నెమ్మదిగా, మీరు వద్దంటే ఆపగలిగేలా చేసే పనికి ప్రమాదం బాగా తక్కువ.

మీ కీళ్ళజబ్బు పేరేమిటో ఖాయం చేసుకోండి

అసలు పని ఇక్కడుంది. ‘వాతం’, ‘కీళ్ళనొప్పులు’, ‘గుజ్జు అరిగిపోయింది’ అన్న మాటలతో సరిపెట్టుకుని వెళ్ళడమే చాలా అనర్థాలకి మూలం. కీళ్ళజబ్బుల్లో వందకు పైగా రకాలున్నాయి. మన ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించేవి కొన్నే.

ఒకటి అరుగుదల, అంటే ఆస్టియో ఆర్థరైటిస్. వయసుతో, బరువుతో, పాత దెబ్బలతో వచ్చేది. మోకాళ్ళు, తుంటి, నడుం, వేళ్ళ చివరి కణుపుల్లో వస్తుంది. పొద్దున్న లేవగానే బిగుతు ఉన్నా, సాధారణంగా అరగంటలోపే వదులుతుంది. ఎక్కువ పనిచేస్తే నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది.

రెండోది రుమటాయిడ్. శరీరంలోని రక్షణ వ్యవస్థే కీళ్ళ పొరల మీద పడి తినేస్తుంది. చేతివేళ్ళ మొదళ్ళు, మణికట్లు రెండు వైపులా వాస్తాయి. పొద్దుటి బిగుతు గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. ఆడవాళ్ళలో ఎక్కువ. మూడోది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. ఇది ఎక్కువగా 45 ఏళ్ళలోపే మొదలవుతుంది. అర్ధరాత్రి దాటాక నడుంనొప్పితో మెలకువ వస్తుంది, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది, పడుకుంటే మళ్ళీ పట్టేస్తుంది. కుర్రాడు బైక్ మీద తిరగడం వల్ల వచ్చిన నడుంనొప్పి అని ఇంట్లోవాళ్ళు ఏళ్ళ తరబడి తేలిగ్గా తీసేసేది దీన్నే. ఇవి కాక సోరియాసిస్‌తో వచ్చే కీళ్ళజబ్బు, యూరిక్ యాసిడ్ పెరిగి వచ్చే గౌట్, చికున్‌గున్యా వచ్చిపోయాక నెలల తరబడి వదలని నొప్పులు.

ఏది మీదో తేల్చుకోవడానికి డాక్టర్ చెయ్యి పెట్టి చూడటం, కొన్ని రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు కావాలి. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ వాపు ఎంతుందో చెబుతాయి. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రుమటాయిడ్ కోసం. హెచ్‌ఎల్‌ఏ-బీ27 వెన్ను జబ్బు అనుమానం ఉంటే రాస్తారు. ఇవన్నీ మీ అంతట మీరే ల్యాబ్‌కి వెళ్ళి చేయించుకోవద్దు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ వచ్చిన ప్రతివాళ్ళకీ రుమటాయిడ్ ఉండదు, నెగెటివ్ వచ్చినంతమాత్రాన లేదనీ కాదు. కాగితం చూసి లేనిపోని టెన్షన్ పడటం తప్ప ప్రయోజనం లేదు.

ఊళ్ళో రుమటాలజిస్టులు, అంటే కీళ్ళవాతం చూసే స్పెషలిస్టులు ఉన్నారు. అంత ఖర్చు పెట్టలేకపోతే ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్‌లో జనరల్ మెడిసిన్ ఓపీతోనో ఆర్థో ఓపీతోనో మొదలుపెట్టండి. పొద్దున్నే వెళ్ళాలి, పాత చీటీలు, ఎక్స్‌రేలు అన్నీ ఒక కవర్లో పెట్టుకుని వెళ్ళాలి. వాడుతున్న మాత్రల అట్టలు కూడా.

ఇంకో మాట. నడుంనొప్పితోపాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే అది కీళ్ళవాతం కాకపోవచ్చు. వెన్నుపూసకు టీబీ మన దేశంలో అరుదేమీ కాదు. దాని మీద ఎవరైనా మోకాలేసి తోస్తే మెత్తబడిన పూస కుంగి వెన్నుపాము నొక్కుకుపోవచ్చు. అలాగే ఒక్క కీలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం కూడా ఉంటే కీలులో చీము పడుతోందేమోనని ఆ రోజే ఆస్పత్రిలో చూపించాలి.

రుమటాయిడ్ ఉంటే: మెడ జోలికి ఎవర్నీ రానివ్వకండి

రుమటాయిడ్ అంటే చేతివేళ్ళ జబ్బని మన అభిప్రాయం. చాలాకాలంగా ఉన్నవాళ్ళలో, సరిగ్గా మందులు పడనివాళ్ళలో అది మెడకీ పాకుతుంది. అక్కడ ఏమవుతుందో తెలిస్తే ఈ సలహా ఎందుకో అర్థమవుతుంది.

మెడలో మొదటి పూస ఉంగరంలా ఉంటుంది. రెండో పూస నుంచి ఒక ఎముక కొన పైకి లేచి ఆ ఉంగరంలో దూరి ఉంటుంది. తల అటూ ఇటూ తిప్పగలుగుతున్నామంటే ఆ ఏర్పాటు వల్లే. ఆ కొన వెనక్కి జరిగి వెన్నుపామును నొక్కకుండా ఒక గట్టి బంధనం అడ్డంగా పట్టి ఉంచుతుంది. రుమటాయిడ్ వాపు ఆ బంధనాన్ని, పక్కనున్న ఎముకని మెల్లగా తినేస్తుంది. బంధనం వదులైతే తల వంచినప్పుడల్లా పై పూస ముందుకు జారుతుంది. కొందరికి మెడనొప్పి, తల వెనక నొప్పి ఉంటాయి, కొందరికి ఏమీ ఉండదు. అలాంటి మెడని విసురుగా తిప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

దీన్ని చూడటానికి మామూలు ఎక్స్‌రే చాలదు. తల ముందుకు వంచి ఒకటి, వెనక్కి వాల్చి ఒకటి, పక్కనుంచి తీయాలి. పెద్దవాళ్ళలో ఆ ఉంగరానికీ కొనకీ మధ్య ఖాళీ 3 మిల్లీమీటర్లు దాటితే పూసలు నిలకడగా లేవని అనుమానిస్తారు. మోకాలి ఆపరేషన్‌కో ఇంకోదానికో వెళ్ళిన రుమటాయిడ్ పేషెంట్లకి మత్తు డాక్టర్లు మెడ ఎక్స్‌రే అడుగుతారు కదా, అది ఇందుకే. మత్తిచ్చేటప్పుడు మెడ వంచడానికే అంత ఆలోచిస్తుంటే, మెడ విరిచేవాళ్ళు ఇంకెంత ఆలోచించాలి?

ఎక్స్‌రే బాగుంది కదా, మరి విరిపించుకోవచ్చా అని అడుగుతారు. నా మాట: వద్దు. రుమటాయిడ్‌కి కైరోప్రాక్టిక్ చేయించవద్దనే వైపే అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2022 మార్గదర్శకాలు మొగ్గాయి. లాభం ఉంటుందన్న నమ్మకం లేనిచోట మెడని పణంగా పెట్టడం ఎందుకు?

ఈ కూడని జాబితాలో మంగలి షాపుని కూడా చేర్చుకోండి. క్షవరం అయ్యాక తలకి మసాజ్ చేసి, గడ్డం పట్టుకుని మెడ అటొకసారి ఇటొకసారి టక్కుమనిపించడం మనకి అలవాటైపోయింది. ఆర్థరైటిస్ లేనివాళ్ళకి కూడా అది మంచిది కాదు. జబ్బున్నవాళ్ళు కుర్చీలో కూర్చోగానే ‘మెడ ముట్టుకోకు బాబూ’ అని చెప్పేయాలి. గడ్డం కింద పట్టీ వేసి తలని ఒక్క గుంజు గుంజే వీడియోలు కూడా ఇప్పుడు తిరుగుతున్నాయి. అది మరీ ఘోరం.

వెన్ను బిగుసుకునే జబ్బుంటే

యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ముదిరితే పూసల మధ్య ఎముక పెరిగి వెన్నంతా ఒకే కర్రలా అతుక్కుంటుంది. ఎక్స్‌రేలో వెదురుబొంగులా కనిపిస్తుందని డాక్టర్లు అంటారు. చూడటానికి గట్టిగా కనిపించినా, లోపల ఎముక పలచబడి ఉంటుంది. చిన్న జారుపాటుకే విరిగే వెన్ను అది. మామూలు వెన్నులో విసురు నాలుగైదు కీళ్ళ మధ్య సర్దుకుంటుంది. ఇక్కడ సర్దుకోవడానికి కీలే మిగల్లేదు.

పూసలు అతుక్కున్నవాళ్ళకీ, వెన్నెముక బాగా గుల్లబారినవాళ్ళకీ ఇలా వెన్నుని తోసే చికిత్స చేయవద్దని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఈ జబ్బుకి ఇచ్చిన 2019 మార్గదర్శకాల్లో గట్టిగానే రాశారు. పైగా వెన్ను బిగుసుకుపోయిందన్న బాధతోనే కదా ‘ఫ్రీ చేయిద్దాం’ అని వెళ్ళేది. ఈ జబ్బుకి కావాల్సింది రోజూ వెన్ను సాగే వ్యాయామాలు, ఊపిరి నిండా తీసుకునే వ్యాయామాలు, కుదిరితే ఈత, డాక్టర్ రాసిన మందులు.

ఎముకల బలం, మందుల సంగతి

ఆర్థరైటిస్ ఏదైనా ఈ లెక్క అందరూ చూసుకోవాలి. ప్రెడ్నిసలోన్ లాంటి స్టిరాయిడ్ రోజుకు 2.5 మిల్లీగ్రాములు, అంతకు మించి మూడు నెలలకు పైన వాడితే ఎముకలు గుల్లబారే ప్రమాదాన్ని లెక్కలోకి తీసుకోవాలని డాక్టర్లు అంటారు. నెలసరి ఆగిన ఆడవాళ్ళకి అది లేకుండానే ఆ ప్రమాదం ఉంది. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టీ-స్కోర్ అనే అంకె మైనస్ 2.5, అంతకన్నా కింద ఉంటే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారిన జబ్బు. అలాంటివాళ్ళ వీపు మీద బలంగా తోయకూడదు. పక్కటెముకలైనా విరగవచ్చు, పూసైనా కుంగవచ్చు.

‘మేం స్టిరాయిడ్లు వాడలేదే’ అంటారా? ఊళ్ళల్లో పేరులేని పొట్లాలు, డబ్బా మీద ఏమీ రాయని నాటు మాత్రలు కీళ్ళనొప్పులకి తెగ ఇస్తారు. వేసుకున్న రెండో రోజుకే మనిషి లేచి తిరిగేస్తాడు, ఆకలి పెరుగుతుంది, ముఖం గుండ్రమవుతుంది. అలాంటి వాటిలో స్టిరాయిడ్ కలిపి అమ్మిన సందర్భాలు ఎన్నో బయటపడ్డాయి. ఏళ్ళ తరబడి అవి మింగినవాళ్ళు తమ ఎముకలు గట్టివనే అనుకోకూడదు.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, ముఖ్యంగా వార్ఫరిన్ లాంటివి, బలమైన తోపులకీ గట్టి మసాజ్‌లకీ దూరంగా ఉండాలి. లోపల రక్తం చేరితే వెంటనే తెలియదు.

మీది ఒట్టి అరుగుదలే అయితే

అప్పుడు భయపడాల్సింది తక్కువ, ఆశపడాల్సిందీ తక్కువే. నడుంలో అరుగుదల ఉండి, కాళ్ళలో బలహీనత, తిమ్మిరి లేకపోతే, ఎముకలు గట్టిగా ఉంటే, శిక్షణ ఉన్న మనిషి చేత నడుం వరకు చేయించుకోవడం పెద్ద ప్రమాదం కాదు. నడుంనొప్పికి మందులు లేని చికిత్సల్లో దీన్నీ ఒకటిగా అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో చేర్చింది. వేడి కాపడం, మసాజ్, వ్యాయామం పక్కన నిలబడే మార్గంగానే చేర్చింది తప్ప వాటన్నిటికన్నా గొప్పదని కాదు.

మోకాలి అరుగుదల సంగతి వేరు. అరిగిన మృదులాస్థిని, అంటే మనం గుజ్జు అనేదాన్ని, వీపు మీద ఎంత తోసినా పెంచలేరు, మోకాలు పట్టి లాగినా పెంచలేరు. మోకాలు, తుంటి అరుగుదలకి వ్యాయామం చేస్తూ దానికి అదనంగా ఇలాంటి చేతి చికిత్స కలపడం వల్ల చెప్పుకోదగ్గ లాభం లేదనే వైపే అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ అరుగుదలకి ఇచ్చిన 2019 మార్గదర్శకాలున్నాయి. గట్టిగా చేయమన్నవి వ్యాయామం, బరువు తగ్గడం. ఒంట్లో ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

సిట్టింగ్‌లకి పెట్టే డబ్బులో కొంత ముందు ఒక మంచి ఫిజియోథెరపిస్ట్‌కి పెట్టండి. తొడ కండరం బిగించి వదలడం, కాలు చాచి ఎత్తి పట్టుకోవడం లాంటివి నేర్పిస్తారు, తర్వాత ఇంట్లోనే చేసుకోవచ్చు. వాకింగ్‌కి ఆర్‌కే బీచ్‌కి వెళ్ళేవాళ్ళు మెత్తటి ఇసుకలో కాకుండా పక్కన గట్టి నేల మీద నడవండి. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచొచ్చి మోకాలు బుంగలా వాచిందనుకోండి, అప్పుడు కావాల్సింది విశ్రాంతి, ఐసు. మర్నాడే ఎవరి బల్లో ఎక్కడం కాదు.

అయినా వెళ్దామనుకుంటే, ఫోన్‌లోనే అడగండి

మన దేశంలో కైరోప్రాక్టర్లకి డాక్టర్లకి ఉన్నట్టు చట్టబద్ధమైన ప్రత్యేక కౌన్సిల్ లేదు. ఆయుష్ పద్ధతుల్లోనూ ఇది లేదు. విదేశాల్లో ఏళ్ళ తరబడి కాలేజీలో చదివి వచ్చినవాళ్ళూ ఈ పేరే పెట్టుకుంటారు, కొద్దిరోజుల కోర్సు చేసి సర్టిఫికెట్ తగిలించుకున్నవాళ్ళూ ఇదే పెట్టుకుంటారు. తేడా కనిపెట్టుకోవాల్సింది మనమే. మొహమాటం పడకుండా ఇలా మొదలుపెట్టండి:

‘నమస్తే అండీ. మా అమ్మగారికి రుమటాయిడ్ ఉంది, స్టిరాయిడ్ కూడా వాడారు. మీరు చూస్తారా?’

‘అయ్యో, ఈ కేసుకి మేం తోపు వేయమండీ. రిపోర్టులు తెండి, వ్యాయామాలు చెప్తాం, లేదంటే మీ డాక్టర్‌నే అడగండి’ అన్నారంటే ఆ మనిషికి పని తెలుసు. ‘ఏటీ అవదండీ, ఎలాంటి వాతమైనా మూడు సిట్టింగుల్లో పోద్ది, తీసుకొచ్చేయండి’ అన్నారంటే ఫోన్ పెట్టేయండి. రిపోర్టులు అడగని చోటికి వెళ్ళనే వద్దు. ఏం చదివారు, ఎక్కడ చదివారు, ఎన్నేళ్ళు చదివారు అని అడిగితే చిరాకుపడే చోటికీ వద్దు.

వెళ్ళాక, పడుకోకముందే రెండు విషయాలు నోటితో చెప్పాలి. మెడ మీద ఏమీ చేయవద్దు. ఏదైనా చేసేముందు ఏం చేయబోతున్నారో చెప్పి, నేను సరే అన్నాకే చేయండి. రోగి పెద్దవాళ్ళయితే ‘డాక్టర్‌గారికి ఎదురు చెప్పడం ఏం బాగుంటుంది’ అని నొప్పి పంటి కింద దాచుకుంటారు. అందుకని పక్కన కొడుకో కూతురో ఉండాలి. కీళ్ళు వాచి, ఎర్రగా, వేడిగా ఉన్న రోజుల్లో అసలు వెళ్ళవద్దు, అపాయింట్‌మెంట్ పోయినా పర్వాలేదు.

12 సిట్టింగులకో 24 సిట్టింగులకో ముందే డబ్బు కట్టమంటే కట్టకండి. విడివిడిగా కట్టండి. మూడు నాలుగుసార్లకి మెట్లెక్కడం, కింద కూర్చుని లేవడం లాంటి పనుల్లో తేడా ఏమీ లేకపోతే ఆపేయండి. ‘మందులు మానేయండి, ఇదొక్కటి చాలు’ అన్న మాట ఎవరు అన్నా వినవద్దు. వారానికొకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ లాంటి మందు రుమటాయిడ్‌లో కీళ్ళు పాడవకుండా కాపాడుతుంది. అది ఆపితే నష్టం తెలిసేసరికి వేళ్ళు వంకర తిరిగిపోతాయి.

ఇంటికొచ్చాక గమనించాల్సినవి

చేసినచోట ఒకటి రెండు రోజులు కాస్త పచ్చినొప్పి, నీరసం ఉండటం మామూలే. ఈ కిందివి మాత్రం మామూలు కాదు.

మెడ పట్టాక తలలోనో మెడలోనో ఎప్పుడూ లేనంత నొప్పి, కళ్ళు తిరగడం, రెండు రెండుగా కనిపించడం, మాట తడబడటం, మింగలేకపోవడం, మూతి ఒక పక్కకి పోవడం, నడుస్తుంటే ఒక వైపుకి ఒరిగిపోవడం. మెడలోంచి మెదడుకి వెళ్ళే రక్తనాళం లోపలి పొర చిరిగినప్పుడు ఇలా ఉండవచ్చు. అరుదే, కానీ స్ట్రోక్ దాకా పోతుంది. స్ట్రోక్‌లో రక్తపు గడ్డ కరిగించే ఇంజక్షన్‌కి గడువు నాలుగున్నర గంటలే కాబట్టి పడుకుని చూద్దాం అనుకోకుండా 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో ‘ఇవాళ ఇన్నిగంటలకి మెడ విరిపించుకున్నారు’ అని మొదటే చెప్పండి. సిగ్గుపడి దాస్తే డాక్టర్లు వేరే కారణాలు వెతుకుతూ కూర్చుంటారు.

చేతుల్లో పట్టు తప్పడం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, కాళ్ళు తేలిపోతున్నట్టుండటం, తల వంచితే వెన్నులో కరెంటు కొట్టినట్టుండటం వెన్నుపాము నొక్కుకుంటోందనడానికి గుర్తులు. రెండు కాళ్ళూ బలహీనపడటం, తొడల మధ్య స్పర్శ లేకపోవడం, మూత్రం ఆగిపోవడమో తెలియకుండా పోవడమో జరిగితే అది కూడా ఆ రాత్రికే ఆస్పత్రికి వెళ్ళాల్సిన పని. తెల్లారాక ఓపీకి వెళ్దాంలే అనుకోకండి, క్యాజువాలిటీ రాత్రంతా తెరిచే ఉంటుంది.